కరణుల గుణకారం, సూక్ష్మీకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం గాజువాకలో సాయంత్రం పూట తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. ఏటా బడులు తెరిచిన కొత్తలో ఒకే పాఠం దగ్గర ఒకేలాంటి ప్రశ్నలు వస్తాయి. పిల్లలు అడిగేవి కొన్ని, వాళ్లను దింపడానికి బండి మీద వచ్చిన అమ్మానాన్నలు గుమ్మం దగ్గరే నిలబడి అడిగేవి కొన్ని. వాటికి బోర్డు మీద చెప్పే జవాబులే ఇక్కడ రాశాను. తొమ్మిదో తరగతిలో ఈ కరణులు వంటబట్టకపోతే పదిలో వర్గ సమీకరణాల దగ్గర, త్రికోణమితి దగ్గర మళ్లీ అడ్డం పడతాయి. ఇంటర్‌లో అయితే చెప్పనే అక్కర్లేదు. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదవండి. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుంటే ఇంకా మంచిది.

కరణి అంటే రూటేనా? పేరు ఎందుకు అలా ఉంది?

వాడుకలో ‘రూట్ రెండు’, ‘రూట్ మూడు’ అంటాం కదా, అవే కరణులు. మూలం తీస్తే పూర్ణసంఖ్య గానీ భిన్నం గానీ రాకుండా, దశాంశాలు అంతూ ఆవృతీ లేకుండా సాగిపోయేవి: √2, √3, √10, ∛5. √9కి కూడా ఆ గుర్తు ఉంది గానీ అది కరణి కాదు, అది 3.

పేరు చాలా పాతది. యజ్ఞవేదికలు కట్టడానికి తాళ్లతో కొలతలు వేసే పద్ధతులు చెప్పినవి శుల్బ సూత్రాలు. శుల్బం అంటే తాడు. చతురస్రాన్ని ‘చేసే’ తాడు, అంటే దాని వైపు, కరణి. ఒక చతురస్రానికి రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రాన్ని చేసే తాడు ద్వికరణి, అదే మన √2. దాని విలువకు ఆ శుల్బ సూత్రాల్లో ఒకదాన్ని రాసిన బౌధాయనుడు చెప్పిన లెక్క ఇది: 1 + 1/3 + 1/12 − 1/408. కూడితే 577/408, అంటే 1.41421568. అసలు విలువ 1.41421356. ఐదు దశాంశ స్థానాల దాకా సరిగ్గా ఉంది. తాళ్లు, మేకులు పట్టుకుని కొలిచిన రోజుల్లో వచ్చిన ఖచ్చితత్వం అది. ఈ లెక్క పిల్లలకు చెప్పిన రోజు నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

తెలుగు మీడియం పిల్లలు ఒకటి జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలి. భిన్నంగా రాయగలిగినవి ‘అకరణీయ’ సంఖ్యలు, రాయలేనివి ‘కరణీయ’ సంఖ్యలు. ‘అ’ ఉంది కాబట్టి అదే రాయలేనిది అనుకుని తారుమారు చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కరణి లేనిది అకరణీయం. అలా విడదీసి చదివితే మళ్లీ పొరపాటు రాదు.

√72 అని వదిలేస్తే తప్పేముంది? 6√2 అనే ఎందుకు రాయమంటారు?

విలువలో తేడా లేదు, రెండూ సుమారు 8.485. కానీ √72 అని రాస్తే ఆ సంఖ్య లోపల ఏముందో కంటికి కనబడదు. √72 − √50 ఎంత అంటే చూడగానే ఏమీ తోచదు. అదే 6√2 − 5√2 అని రాస్తే √2 అని ఎవరైనా చెప్పేస్తారు. ఇలా మూలం లోపలి సంఖ్యను వీలైనంత చిన్నది చేసి రాయడమే సూక్ష్మీకరణ. దానివల్ల ఒకే జాతి సంఖ్యలు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి.

ఇది నేల మీద చూపించవచ్చు. మీ ఇంట్లో చతురస్రాకారపు టైల్స్ ఉంటే ఒక చాక్‌పీస్ తెచ్చుకోండి. ఒక టైల్ వైపు పొడవు 1 అనుకోండి. ఒక మూల నుంచి ఎదురు మూలకు గీత గీస్తే దాని పొడవు √(1+1), అంటే √2. ఇప్పుడు అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు టైల్స్ ఉన్న పెద్ద చతురస్రం తీసుకోండి. దాని కర్ణం √(4+4), అంటే √8. కానీ గీత ఎటు పోయింది? ఒక టైల్ మూలలు దాటి, దాని వెనకున్న టైల్ మూలల మీదుగా పోయింది. అంటే రెండు √2లు వరసగా నిలబడ్డాయి. √8 అన్నా 2√2 అన్నా నేల మీద ఒకటే గీత. మూడేసి టైల్స్ తీసుకుంటే √18, అదే 3√2. ఆరేసి తీసుకుంటే √72, ఆరు టైల్స్ మీదుగా పోయే ఆరు √2లు.

సూత్రం చెప్పడానికి ముందే ఈ గీత గీయిస్తాను. మోకాళ్ల మీద కూర్చుని గీసిన పిల్లవాడు √8 విలువ 4 అని మళ్లీ ఎప్పుడూ రాయలేదు.

సూక్ష్మీకరించడానికి ఖాయమైన పద్ధతి ఏది?

ప్రధాన కారణాంకాలు. క.సా.గు. కట్టడానికి నిచ్చెన వేస్తారు చూడండి, అదే నిచ్చెన. √2352 తీసుకుందాం. 2తో భాగిస్తే 1176, మళ్లీ 588, మళ్లీ 294, మళ్లీ 147. ఇక 2 పోదు. 3తో 49. ఆపైన 7, 7. అంటే 2352 = 2 × 2 × 2 × 2 × 3 × 7 × 7.

వర్గమూలంలోంచి బయటికి రావాలంటే జంటగా రావాలి. ఇద్దరు లోపలి నుంచి బయల్దేరితే గుమ్మం బయట ఒక్కరే కనిపిస్తారు, ఎందుకంటే √(2×2) అంటే 2. ఇక్కడ రెండు 2ల జంటలు, ఒక 7ల జంట ఉన్నాయి. బయటికి 2, 2, 7 వచ్చాయి. 3కి జంట లేదు, లోపలే ఉండిపోయింది. జవాబు 2 × 2 × 7 × √3 = 28√3.

జంట ఒక్కటీ దొరక్కపోతే ఇక చేసేదేమీ లేదు. 30 = 2 × 3 × 5, కాబట్టి √30 అలాగే ఉంటుంది. ‘ఇంకేదో చెయ్యాలేమో’ అని భయపడక్కర్లేదు.

నిచ్చెన వేయకుండా త్వరగా అయ్యే దారి లేదా?

ఉంది. 4, 9, 16, 25, 36, 49, 64, 81, 100, 121, 144 నోటికి వచ్చి ఉండాలి. తర్వాత సంఖ్యను చూసే పద్ధతి తెలియాలి. చివరి రెండంకెలు 4తో పోతే లోపల 4 ఉంది. అంకెల మొత్తం 9తో పోతే 9 ఉంది. చివర 25, 50, 75, 00 ఉంటే 25 ఉంది. √675 చూడండి: చివర 75, కాబట్టి 25 × 27. 27లో 9 × 3. బయటికి 5, 3 వచ్చాయి, జవాబు 15√3.

నేను √72ని ముందు 2√18 చేశాను, తర్వాత 5√2 వచ్చింది. ఎక్కడ పోయింది?

ఈ తప్పు వారానికి ఒకసారైనా చూస్తాను. మొదటి మెట్టు సరైనదే: √72 = √(4 × 18) = 2√18. రెండో మెట్టులో √18 లోంచి 3 బయటికి వచ్చింది. అప్పటికే బయట 2 నిలబడి ఉంది. 2, 3లను కూడి 5 అనేశారు. బయటి సంఖ్యకూ మూలానికీ మధ్య ఉన్నది గుణకారం, కంటికి కనబడదు గానీ ఉంది. 2√18 అంటే 2 × √18. కాబట్టి 2 × 3 × √2 = 6√2. కొన్నాళ్లు ఆ మధ్యలో గుణకారం గుర్తు రాస్తూ పోండి. అలవాటయ్యాక మానేయవచ్చు.

ఇదంతా నిజ జీవితంలో ఎక్కడైనా పనికొస్తుందా మాస్టారూ?

ఇది ఒక తండ్రి అడిగిన ప్రశ్న. మధురవాడ వైపు స్థలం చూస్తున్నారు అప్పట్లో. 200 గజాల చతురస్రపు బిట్టు అని చెప్పారట, వైపు ఎన్ని అడుగులు ఉంటుందో లెక్క కట్టమన్నారు.

200 చదరపు గజాలంటే వైపు √200 గజాలు. √200 = √(100 × 2) = 10√2. గజానికి మూడు అడుగులు, కాబట్టి 30√2 అడుగులు. √2ని 1.414 అనుకుంటే 42.4 అడుగులు. వేరే దారిలో సరిచూద్దాం: 200 గజాలంటే 1800 చదరపు అడుగులు, √1800 = √(900 × 2) = 30√2. అదే వచ్చింది.

ఆయనకు ఆశ్చర్యం కలిగించింది ఆ తర్వాతి మాట. అదే ఆకారంలో 400 గజాలు కొంటే వైపు 20 గజాలు, అంటే 60 అడుగులు. స్థలం రెట్టింపైంది గానీ రోడ్డు వైపు ముఖం 42 నుంచి 60 అడుగులే అయింది. రెట్టింపు కాలేదు, √2 రెట్లు అయింది. మూలం గుర్తు చేసే పని ఇదే. వైశాల్యం పెరిగిన వేగంతో పొడవు పెరగదు.

√2 × √3 = √6 ఎలా అవుతుంది? సూత్రం అని నమ్మేయాలా?

నమ్మక్కర్లేదు, రెండు వరసల్లో తేలిపోతుంది. √6 అంటే ఏమిటి? వర్గం చేస్తే 6 వచ్చే ధన సంఖ్య. మరి √2 × √3ని వర్గం చేద్దాం: √2 × √3 × √2 × √3. క్రమం మారిస్తే √2 × √2 × √3 × √3 = 2 × 3 = 6. ఇదీ ధన సంఖ్యే, దీని వర్గమూ 6. అలాంటి ధన సంఖ్య ఒక్కటే ఉంటుంది. కాబట్టి రెండూ ఒకటే.

గమనించండి, ఇక్కడ పని చేసింది గుణకారంలో క్రమం మార్చుకోగలగడం. √2 + √3ని వర్గం చేస్తే లెక్క ఇలా జంటలుగా విడిపోదు. కింద రాబోయే పెద్ద తప్పుకు మూలం అక్కడే ఉంది.

బయట కూడా సంఖ్యలుంటే ఎలా గుణించాలి? ముందు గుణించాలా, ముందు సూక్ష్మీకరించాలా?

బయటివి బయటివాటితో, లోపలివి లోపలివాటితో. 3√6 × 5√10 అంటే బయట 15, లోపల 60. 15√60. 60లో 4 ఉంది, 2 బయటికి వస్తుంది: 30√15.

ఏది ముందు అంటే, నా మాట గట్టిగా ఒకటే: ముందు విడగొట్టండి, తర్వాత గుణించండి. √98 × √162 తీసుకోండి. నేరుగా గుణిస్తే లోపల 15876 వస్తుంది. దానికి నిచ్చెన వేయడం మొదలుపెట్టిన పిల్లలు సగం పేజీ నింపి, మధ్యలో ఒక భాగహారం తప్పి, మళ్లీ మొదటికి వస్తారు. ముందే విడగొడితే √98 = 7√2, √162 = 9√2. ఇక 7 × 9 × √2 × √2 = 63 × 2 = 126. నోటితోనే అయిపోయింది.

3√6 × 5√10లో కూడా గుణించకుండానే చూడవచ్చు. 6 అంటే 2 × 3, 10 అంటే 2 × 5. రెండు ఇళ్లలోనూ ఒక్కో 2 ఉంది. కలిసిన వెంటనే జంటై బయటికి వచ్చేస్తాయి. లోపల 3 × 5 = 15 మిగిలింది. 60 అనే సంఖ్య రాయాల్సిన పనే లేదు.

√(9 + 16) అంటే 3 + 4 = 7 కాదా?

కాదు. 9 + 16 = 25, √25 = 5.

ఈ పాఠం మొత్తంలో నాకు ఎక్కువ బాధ కలిగించే తప్పు ఇదే. తెలివైన పిల్లలు కూడా చేస్తారు. గుణకారానికి విడిపోయిన మూలం కూడికకు కూడా విడిపోతుందని చెయ్యి తనంతట తానే రాసేస్తుంది. మూలం గుణకారానికి లొంగుతుంది, కూడికకు లొంగదు.

నేను దీన్ని నడకతో చెబుతాను. ఒక మైదానం ఈ మూల నుంచి గట్టు వెంట 3 అడుగులు తూర్పుకు, అక్కణ్ణించి 4 అడుగులు ఉత్తరానికి నడిచావు. మొత్తం 7 అడుగులు. అదే మూల నుంచి మూలకు అడ్డంగా నడిస్తే √(9 + 16), 5 అడుగులు. అడ్డదారి, చుట్టుదారి సమానమైతే అడ్డదారి తొక్కేవాళ్లు ఎందుకుంటారు? √(9+16)ని 3+4 అని రాయడమంటే అడ్డదారికీ చుట్టుదారికీ తేడా లేదనడమే. తాపీమేస్త్రీలు పునాదికి మూల సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి 3, 4, 5 అడుగులు కొలిచేది కూడా ఈ లెక్కతోనే. అక్కడ 7 వస్తే ఏ మూలా సరిగ్గా కుదరదు.

√ గుర్తు మీద ఆ పొడుగు గీత తప్పనిసరా?

తప్పనిసరి. ఆ గీత బ్రాకెట్ పని చేస్తుంది. √ గుర్తును అచ్చులో మొదట వాడింది జర్మన్ గణితవేత్త క్రిస్టోఫ్ రుడాల్ఫ్, 1525లో. అప్పుడు పైన గీత లేదు. ఎంతవరకు మూలం కిందకి వస్తుందో తెలిసేలా గీత కలిపింది ఫ్రాన్స్‌కు చెందిన రెనె డెకార్ట్, 1637లో. పరీక్ష పేపర్లో ఆ గీతను సగం దాకా లాగి వదిలేస్తే దిద్దేవాళ్లకు √3 × 5 అన్నావో √(3 × 5) అన్నావో తెలియదు. తెలిసిన లెక్కకు మార్కు పోతుంది. గీత పూర్తిగా లాగండి. నేను ఈ వ్యాసంలో బ్రాకెట్లు పెట్టింది కూడా అందుకే.

√2 + √8 కూడవచ్చా?

కూడవచ్చు, సూక్ష్మీకరించాక. √2 + 2√2 = 3√2. లోపలి సంఖ్య ఒకటే అయితే బయటివి కూడుతాం. √2 + √3 మాత్రం అలాగే ఉంటుంది. రైతుబజార్లో రెండు కిలోల వంకాయలు, మూడు కిలోల బెండకాయలు కొంటే సంచి బరువు ఐదు కిలోలే గానీ ఐదు కిలోల వంకాయలు కావు కదా.

టైల్స్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఒక టైల్ కర్ణం, దానికి కొనసాగింపుగా రెండు టైల్స్ కర్ణం, కలిపితే మూడు టైల్స్ కర్ణం. అంటే √2 + √8 = √18. సరిగ్గా ఈ 2, 8నే ఉదాహరణగా తీసుకుని 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో ఒక పద్ధతి చెప్పాడు. అప్పట్లో √ గుర్తు లేదు, కరణి అనే మాటలోని మొదటి అక్షరం ‘క’ పక్కన సంఖ్య రాసేవారు: క 2, క 8. రెండింటి మొత్తం 10, దానికి ‘మహతి’ అని పేరు. రెండింటి లబ్ధం 16, దాని మూలం 4, దానికి రెట్టింపు 8, దానికి ‘లఘు’ అని పేరు. కూడితే 18, కాబట్టి కూడిక క 18. తీసివేస్తే 2, కాబట్టి వ్యత్యాసం క 2. చూడండి, √8 − √2 = √2, సరిపోయింది. లబ్ధానికి మూలం రాకపోతే రెండింటినీ విడివిడిగా ఉంచమన్నాడు. √2 + √3 దగ్గర మనం ఈరోజు చేసేది అదే.

దీని వెనకున్నది (√2 + √8)² విస్తరణే. 2 + 8 + 2√16. మహతి, లఘు అందులోనే కనబడతాయి.

బ్రాకెట్లలో కరణులుంటే?

మామూలు బీజగణితమే, కొత్తదేమీ లేదు. (2 + √3)(5 − √3) అంటే నాలుగు గుణకారాలు: 10 − 2√3 + 5√3 − 3. సంఖ్యలు సంఖ్యలతో, √3లు √3లతో: 7 + 3√3.

(√5 + √2)²ని 5 + 2 = 7 అని వదిలేయకండి. మధ్యలో 2 × √5 × √2 ఉంది. జవాబు 7 + 2√10. అనుమానం ఉంటే దశాంశాలతో చూసుకోండి: 2.236 + 1.414 = 3.65, వర్గం చేస్తే 13 దాటుతుంది. 7 ఎక్కడ, 13 ఎక్కడ! ఇలా ఉజ్జాయింపు చూసుకునే అలవాటు సూత్రాలకన్నా ఎక్కువ మార్కులు కాపాడుతుంది.

(√7 + √3)(√7 − √3) చేస్తే మధ్య పదాలు కొట్టుకుపోయి 7 − 3 = 4 మిగులుతుంది. కరణులు పూర్తిగా మాయమయ్యాయి. దీన్ని గుర్తుంచుకోండి, వచ్చే జవాబులో పని ఉంది.

నా జవాబు 30/√3, పుస్తకం వెనక 10√3 ఉంది. నాది తప్పా?

తప్పు కాదు, పూర్తి కాలేదు. లవానికీ హారానికీ √3తో గుణిస్తే 30√3/3 = 10√3. దీన్నే హారాన్ని అకరణీయం చేయడం అంటారు. పదో తరగతిలో ఎత్తులు, దూరాల లెక్కల్లో ఇది ప్రతి పేజీలోనూ వస్తుంది.

ఎందుకు చేయాలో చేత్తో భాగించి చూస్తే తెలుస్తుంది. 1/√2 విలువ కావాలంటే 1ని 1.41421తో భాగించాలి. ప్రయత్నించండి, పెన్ను అరిగిపోతుంది. అదే √2/2 అని మార్చుకుంటే 1.41421ని 2తో భాగించడమే: 0.7071. పరీక్ష హాల్లోకి కాలిక్యులేటర్ రానివ్వరు కాబట్టి ఈ తేడా చాలా పెద్దది. ఇంకో కారణం, కూడిక. 1/√2 + 1/√8 అంటే బిక్కమొహం వేస్తారు. √2/2 + √2/4 అంటే 3√2/4 అని చెప్పేస్తారు.

హారంలో రెండు పదాలుంటే, 12/(√7 − √3) లాగా, ఒక్క √7తో గుణిస్తే పని జరగదు. గుర్తు మార్చిన దానితో, (√7 + √3)తో పైనా కిందా గుణించాలి. కింద 4 వచ్చేస్తుంది. 12(√7 + √3)/4 = 3(√7 + √3).

ఘనమూలాలకు కూడా ఇవే నియమాలా?

ఇవే, జంటల బదులు ముగ్గురేసి బయటికి వస్తారు. ∛54లో 54 = 2 × 3 × 3 × 3, కాబట్టి 3∛2. ∛4 × ∛6 = ∛24 = 2∛3. అలవాటు కొద్దీ రెండేసి లాగేయకండి.

√2 × ∛2 లాంటిది వస్తే నేరుగా కలపలేం, మూలాల స్థాయిలు వేరు. 2, 3ల క.సా.గు. 6. రెండింటినీ ఆరో మూలంలోకి మార్చాలి: √2 = ⁶√8, ∛2 = ⁶√4. లబ్ధం ⁶√32.

అక్షరాలు, ఋణ సంఖ్యలు వస్తే జాగ్రత్తలేమిటి?

అక్షరాలకూ జంటల లెక్కే. √(50 ఎక్స్³)లో 5 బయటికి, ఒక ఎక్స్ బయటికి, లోపల 2 ఎక్స్ మిగులుతుంది: 5 ఎక్స్ √(2 ఎక్స్). ఇక్కడ ఎక్స్ ఋణం కాదని అనుకుంటున్నాం. అలా చెప్పకపోతే √(ఎక్స్²) అంటే ఎక్స్ అనేయకూడదు. ఎక్స్ = −5 అయితే వర్గం 25, దాని మూలం 5. గుర్తు పోయింది. అందుకే అది ఎక్స్ పరమ మూల్యం.

ఇంటర్ పిల్లలకు: √(−4) × √(−9)ని √36 = 6 అని రాయకండి. గుణకార సూత్రానికి పైన ఇచ్చిన నిరూపణ ధన సంఖ్యల మీద ఆధారపడింది. ఇవి 2 ఐ, 3 ఐ (ఐ అంటే √(−1), దాని వర్గం −1). లబ్ధం 6 ఐ², అంటే −6.

మన ఊళ్లో కరణి కంటికి కనబడే చోటు ఏదైనా చెప్పండి.

సముద్రం. ఆర్.కె. బీచ్‌లో నిలబడి చూస్తే నీళ్లు ఆకాశాన్ని తాకే గీత ఎంత దూరంలో ఉంటుంది? భూమి గుండ్రం కాబట్టి ఒక దూరం దాటాక నీళ్లు కిందికి వంగిపోతాయి. భూమి కేంద్రం, మీ కన్ను, ఆ గీత మీద ఒక బిందువు కలిపితే లంబకోణ త్రిభుజం వస్తుంది. పైథాగరస్ వేసి, చాలా చిన్న పదాన్ని వదిలేస్తే దూరం = √(2 × భూవ్యాసార్థం × కంటి ఎత్తు).

ఇప్పుడు మన సూత్రంతో విడగొట్టండి. భూవ్యాసార్థం సుమారు 63,71,000 మీటర్లు. √(2 × 63,71,000) సుమారు 3,570. అది ఎప్పటికీ మారదు, కాబట్టి బయటికి తీసేయవచ్చు. మిగిలింది: దూరం కిలోమీటర్లలో 3.57 × √(మీటర్లలో ఎత్తు). లబ్ధానికి మూలం విడిపోకపోతే ఇంత చిన్న సూత్రం వచ్చేది కాదు.

ఇసుకలో నిలబడ్డ పిల్లవాడి కన్ను 1.44 మీటర్ల ఎత్తులో ఉంటే, √1.44 = 1.2, గీత 4.3 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అదే బీచ్‌లో ఒడ్డుకు తెచ్చి నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిని చూసే ఉంటారు. నీళ్లలో ఉన్నప్పుడు దాని పెరిస్కోపు కన్ను ఒక మీటరు పైకి లేస్తే 3.57 కిలోమీటర్లు కనబడుతుంది. నాలుగు మీటర్లు లేస్తే నాలుగింతలు కాదు, రెండింతలే. కైలాసగిరి మీద 100 మీటర్ల ఎత్తున నిలబడితే 35.7 కిలోమీటర్లు.

పోయిన డిసెంబర్‌లో పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్లినప్పుడు ఒక అమ్మాయి అడిగింది: ‘లంగరు వేసిన ఓడలు కాదు సార్, దూరంగా పోతున్న ఓడ మాటేంటి? దాని స్తంభం కూడా ఎత్తే కదా, అది ఎంత దూరం వెళ్లేదాకా కనబడుతుంది?’ స్తంభం కొస నీటికి 36 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం అన్నాను. అక్కడే మట్టిలో పుల్లతో లెక్క వేశారు. ఒకడు ఎత్తులు కూడి √136 అన్నాడు, 41.6 కిలోమీటర్లు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. మన కన్ను నుంచి గీత దాకా ఒక దూరం, గీత నుంచి ఓడ దాకా ఇంకో దూరం, రెండూ వేర్వేరు త్రిభుజాలు అంది. √100 + √36 = 16. 3.57 × 16 అంటే 57 కిలోమీటర్లు. గాలిలో వెలుతురు కాస్త వంగడం వల్ల నిజంగా ఇంకొంచెం ఎక్కువే కనబడుతుంది, మంచు పొర లేకపోతే. ఆరోజు పొర ఉంది. అయినా చీకటి పడేదాకా వాళ్లు తూర్పు వైపు చూస్తూనే కూర్చున్నారు.